యెరూషలేము రొట్టెలంగడియు మన జొన్నరొట్టెయు

యెరూషలేము యాత్రకు పోయి వచ్చిన క్రైస్తవ కుటుంబములు మన తెలుగుసీమలో నేడు అరుదు కావు. 2008వ సంవత్సరమున నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ యాత్రికులకు ద్రవ్యసహాయము చేయ నారంభించెను. రాష్ట్రము వేరైన పిమ్మట 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అల్పాదాయపరులకిచ్చు సహాయమును 60,000 రూపాయలకు పెంచెను. మన మెదకునుండియు కొందరు కూడబెట్టిన సొమ్ముతో పోయి వచ్చిరి. వీరు తిరిగి వచ్చునప్పుడు యొర్దాను నీటి సీసాయు, ఒలీవకొయ్య సిలువయు తెచ్చెదరు. ఇరుగుపొరుగువారు కూడి గొల్గొతా ఎట్లుండెను, గలిలయ సముద్రము ఎంత వెడల్పు అని అడిగెదరు. ఏమి తింటిరి అని అడిగినచో మాత్రము వచ్చు ఉత్తరము ఒక్కటే: "మన తిండే పెట్టించినారండి."

ఇది నిజమే. యాత్రలు నడుపు కంపెనీలవారు తమ ప్రకటనలలో భారతీయ భోజనము అని పెద్ద అక్షరములతో వేయించెదరు. ఆవకాయ జాడీలు, కారప్పొడి పొట్లములు విమానమెక్కును. ముదుసలులకును, పథ్యము చేయువారికిని అది అవసరమే. దానిని మేము ఆక్షేపింపము. అయినను పది దినములు పరిశుద్ధ గ్రంథపు దేశమున తిరిగి, ఆ దేశపు రొట్టెను నోట పెట్టక మరలివచ్చుట కన్నులు మూసికొని బొమ్మల పుస్తకమును త్రిప్పుట వంటిదని మా అభిప్రాయము. యాత్రలో ఒక పూటను రొట్టెలంగడికి కేటాయింపవలెను. అచ్చట కూర్చుండి, తిని, ప్రక్కవాడేమి తినుచున్నాడో చూడవలెను. మేమట్లు చేసితిమి. దానివలన మాకు తెలిసినది యెరూషలేమునుగూర్చి కొంత, మన మెదకునుగూర్చి ఎక్కువ.

మేము పోయినది 2018వ సంవత్సరమున. యెరూషలేము నగరమున మహనే యెహూదా అను బజారు కలదు. శుక్రవారము ఉదయమున అచ్చట సందడి మన అంగడి దినమునకు నాలుగింతలుండును. ఏలయనగా సూర్యుడు క్రుంకకమునుపే విశ్రాంతిదినము వచ్చును, అప్పటికి కొట్లన్నియు మూయవలెను. సంధ్యకు ముందు నగరమంతయు వినబడునట్లు సైరను మ్రోగును. ఆ బజారు దాపున సగము బేకరీయు సగము కాఫీ హోటలునైన యొక అంగడిలో ఉదయపు ఫలహారమునకును మధ్యాహ్నభోజనమునకును నడిమి వేళ కూర్చుంటిమి. ఈ నడివేళ తిండిని ఇప్పటివారు బ్రంచి అనుచున్నారు. అచ్చటి పెద్ద ఫలహారము మొదట యూదుల సమష్టి వ్యవసాయ క్షేత్రములలో పుట్టినదట. తెల్లవారకమునుపే పొలమునకు పోయినవారు రెండు మూడు గంటలు పాటుపడి, ఎండ ముదరగానే వచ్చి కూర్చుండి, సన్నముగా తరిగిన దోసకాయ టమాటాలు, తెల్లని జున్ను, గ్రుడ్లు, ఒలీవకాయలు, రొట్టె పుష్టిగా తినెడివారు. మన నాట్లు వేయు కూలీలు పొలము గట్టున తినెడు పొద్దటి సద్దియే అది! అది నేడు నగరవాసుల వేడుక భోజనమైనది. వెలయా, చెప్పకుండుటే మేలు.

ఆ అంగడిలో మాంసము కనబడదు. పాలు వెన్నలు వాడుచోట మాంసము పెట్టరాదని వారి కట్టడి. మేకపిల్లను దాని తల్లిపాలలో వండరాదను నిర్గమకాండములోని యాజ్ఞపై ఈ కట్టడి అంతయు నిలిచియున్నది. బడిలో మనము కంఠస్థము చేయించు ఒక వాక్యము ఒక హోటలువాని వంటయింటిని ఇంతగా ఏలుచున్నదని చూచినప్పుడు మాకు ఆశ్చర్యము కలిగెను.

ఏది ఏమో తెలియక పళ్లెములవైపు చూచుచుండగా, "మాస్టారూ, మీరు తెలుగువాళ్లాండీ?" అను మాట వినబడెను. గోదావరి తీరమునుండి వచ్చి, అచ్చట ఒక వృద్ధురాలికి పరిచర్య చేయుచున్న స్త్రీ ఆమె. మన తెలంగాణ జిల్లాలనుండియు కోనసీమనుండియు పోయి ఆ దేశమున ఇట్టి పనులలో నున్నవారు అనేకులు. ఆమె చేతి సంచిలో జడవలె అల్లి కాల్చిన రొట్టెలు రెండుండెను. "మా ముసలమ్మగారికి శుక్రవారం ఇవి రెండూ బల్ల మీద ఉండాల్సిందేనండి. ఒకటి చాలదు" అనెను. దాని పేరు హల్లా. అరణ్యములో ఆరవదినమున మన్నా రెండింతలు దొరకెను గనుక రెండు రొట్టెలు. సంఖ్యాకాండములో పిండిముద్దలో మొదటి భాగమును ప్రతిష్ఠింపుమని చెప్పబడిన చోట ఆ భాగమునకు హెబ్రీలో వాడిన మాటయే ఈ రొట్టెకు పేరైనది. "మరి మీకేది ఇష్టమమ్మా?" అని అడిగితిమి. "నాకైతే ఆదివారం సెలవురోజు ఆవకాయన్నమేనండి" అని నవ్వెను.

ఆమెయే మాకు ఒక్కొక్కటి చూపి చెప్పెను. మిగిలినది తరువాత చదివి తెలిసికొంటిమి. ఆ పళ్లెములను వరుసగా చూచినచో ఒక జనాంగము చెదరి మరల కూడిన చరిత్ర యంతయు వానిలోనే కలదు. చాకొలేటుగాని దాల్చినచెక్కగాని పెట్టి చుట్టిన రుగెలహ్, మెలిపెట్టి కాల్చిన బాబ్కా అనునవి పోలండు మొదలగు తూర్పు ఐరోపా దేశములనుండి వచ్చిన యూదులవి. పొరలు పొరలుగా విచ్చు బొరేకాలు తురుష్క సామ్రాజ్యపు దేశములనుండి వచ్చినవారివి. జున్ను పెట్టినవి సాధారణముగా ముక్కోణములుగా నుండును. టమాటాల పులుసులో గ్రుడ్లు కొట్టి ఇనుప మూకుడుతోనే బల్లమీదకు తెచ్చెడు షక్షూకా ట్యునీసియా, లిబియా దేశములవారిది. (టమాటా అమెరికా ఖండమునుండి వచ్చిన కాయ గనుక ఏ అపొస్తలుడును దీని నెరుగడు, పరిశుద్ధ దేశములో కనబడునదంతయు పురాతనమని యాత్రికులు భ్రమపడరాదు.) శనగలు పెట్టిన సంబూసక్ ఇరాకు దేశపు యూదులది. పేరు వినగానే మన పిల్లలు దానిని పోల్చుకొందురు: అది మన సమోసాకు అన్నయో తమ్ముడో.

వీటన్నిటిలో మా మనస్సునకు తగిలినది యెమెను దేశపు యూదుల తిండి. వారు బహు పేదలు. 1949, 1950 సంవత్సరములలో సుమారు 49,000 మందిని విమానములమీద ఇశ్రాయేలు దేశమునకు తెచ్చిరి. వారిలో అనేకులు మొదట డేరాలలోను రేకుల పాకలలోను కాపురముండిరి. ముందు వచ్చినవారు వీరి వేషమును, ఉచ్చారణను చిన్నచూపు చూచిరి. వీరి జహ్నూన్ అనునది సంపన్నుల వంట కాదు: పిండిని పలుచగా సాచి, క్రొవ్వు పూసి, చుట్టి, విశ్రాంతిదినమున నిప్పు రాజేయరాదు గనుక శుక్రవారమే సన్నని వేడిమిమీద పెట్టి రాత్రియంతయు ఉడకనిత్తురు. తెల్లవారి తురిమిన టమాటాతోను, పచ్చిమిరపకాయలు నూరిన జహూగ్ అను పచ్చడితోను తిందురు. మెంతులు నానబెట్టి గిలకొట్టిన హిల్బే అను నంజుడును కలదు. లహోహ్ అని పులిసిన పిండితో పోయు అట్టు ఉన్నది. తెలియనివారికి చూపినచో మన ఇంటి అట్టే అందురు. డెబ్బది యేండ్లలో ఏమి జరిగెను? యెమెనువారి మనుమలు తాతమ్మల తిండిని విడువలేదు. నేడు ఆ జహ్నూను హోటళ్లలో మంచి వెలకు అమ్ముడుపోవుచున్నది, పోలండువారి మనుమలును వరుసలో నిలువబడి కొనుచున్నారు.

ఇక మన సంగతి.

మన పిల్లలు బేకరీ నెరుగనివారు కారు. బస్టాండుకు పోయిన పఫ్ కావలెను, జన్మదినమునకు కేకు, జ్వరము వచ్చిన డబల్‌రొట్టె. హైదరాబాదు పోయివచ్చినవారు ఉస్మానియా బిస్కట్ల డబ్బా తెచ్చెదరు. ఇందులో తప్పేమియు లేదు. ఇరానీలు తమ దేశము విడిచి వచ్చి మనకు చాయితో బిస్కట్టును నేర్పిరి. 1953లో హైదరాబాదున కరాచీ బేకరీ తెరచినవారు సింధునుండి వచ్చిన కాందిశీకులు. కలకత్తాలో బాగ్దాదు యూదుల కుటుంబమొకటి 1902లో స్థాపించిన నహూమ్ బేకరీలో, ఇప్పటికిని క్రిస్మసు కేకులకై క్రైస్తవులు బారులు తీరుదురు. ఆ కేకులు కాల్చువారిలో ముసల్మానులు పెక్కండ్రు. రొట్టెలంగడి ఎల్లప్పుడును పరదేశి తెరచిన తలుపే.

మాకు కష్టము తోచునది వేరొకటి. మధ్యాహ్నపు గంట కొట్టిన పిమ్మట వరండాలో నడచుచు చూచెదము. బ్రెడ్డు తెచ్చినవాడు డబ్బా తెరచి నలుగురి నడుమ పెట్టును. జొన్నరొట్టె తెచ్చిన పిల్ల డబ్బా మూతను పూర్తిగా తీయదు. మూత చాటున త్రుంచి, గోడవైపు తిరిగి, త్వరత్వరగా నమలును. ఒక బాలిక తల్లి మాతో, "సారూ, రొట్టె పెడితే పొల్ల బడికి పోనంటది. గందుకే అన్నమే కడుతున్న" అని చెప్పెను. ఆ తల్లి చేతి రొట్టె చంద్రబింబమువలె నుండును. పీటమీద అరచేత తట్టి, విరుగకుండ పెనముమీద వేయు నేర్పు ఆమెకు తన తల్లి యిచ్చిన విద్య. మనము చెప్పు పాఠములలో ఆ విద్యకు చోటు లేదు.

అయితే ఆదివారపు బడిలో మనము చెప్పు రొట్టె ఏ రొట్టె? అయిదువేలమందికి ఆహారము పెట్టిన దినమున చిన్నవాని యొద్ద నుండినవి గోధుమరొట్టెలు కావు. యోహాను సువార్త యవల రొట్టెలని పేరుపెట్టి చెప్పుచున్నది. యవలు ఆ దేశమున పేదల ధాన్యము. రాజుల రెండవ గ్రంథము ఏడవ అధ్యాయములో ఒక వెలకు గోధుమపిండి ఒక మానిక వచ్చిన యెడల యవలు రెండు మానికలు వచ్చునట్లున్నది. సొలొమోను గుఱ్ఱములకు వేసినదియు యవలే. గిద్యోను కాలమున మిద్యానీయుల దండులోనికి దొర్లివచ్చి గుడారమును పడగొట్టినట్లు కలలో కనబడినది యవల రొట్టెయే. పొట్టకూటికి కటకటలాడు రైతుల సేనకు అది గురుతు. ఆ చిన్నవాడు మన బడిలో చదివియుండిన యెడల ఆ రొట్టెలను మూత చాటున తినియుండునేమో! మన ఆదివారపు బడి గోడమీది పటములలో అవి బేకరీ బన్నులవలె ఉబ్బి బంగారు రంగున నుండును. గీసినవాడు యవల రొట్టె నెన్నడును చూడలేదు కాబోలు.

ఇంకను చూడుడు. శారా పరదేశులకు త్వరపడి చేసిన రొట్టె పులియబెట్టుటకు వ్యవధి లేనిది. గలిలయ తీరమున శిష్యులకు తెల్లవారుజామున కనబడినది నిప్పులును, వాటిమీద చేపయు, రొట్టెయు. కడపటి రాత్రి బల్లయొద్ద ముక్కను ముంచి యిచ్చిన సంగతి, రొట్టెను త్రుంచి పప్పులో అద్దుకొని తినెడు మనకు వేరుగా వివరింపనక్కరలేదు. కత్తితో కోసి వెన్న రాయువారికే వివరింపవలెను. పస్కా పండుగకు యూదులు తినెడు పులియని రొట్టె పిండియు నీళ్లును మాత్రమే. మన రొట్టెయు పిండియు వేడినీళ్లును మాత్రమే. గుంటూరు జిల్లా చేబ్రోలు చేరువనున్న కొత్తరెడ్డిపాలెములో తెలుగు మాటలాడుచు తాము ఎఫ్రాయిము సంతతివారమని చెప్పుకొని యూదాచారములు పాటించు కుటుంబములు కలవు. వారు ఆచరించు పస్కా తెలుగు పల్లెలో జరుగు పస్కాయే. ప్రభురాత్రి భోజనమున ఏ రొట్టె వాడవలెనను ప్రశ్న మాత్రము మాది కాదు. దానిని అయ్యగారలకు విడుచుచున్నాము.

జొన్న మన ఇండ్లనుండి ఎట్లు తొలగెను? దానికి సిగ్గు ఒక్కటియే కారణము కాదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చెను. ఆకలిగొన్న ఇంటికి అది గొప్ప మేలు. కాదనువాడు ఆకలి నెరుగడు. బోరుబావులు వచ్చి చెలకలు మడులాయెను. 2025లో తెలంగాణ ప్రభుత్వము చౌకధరల దుకాణములలో సన్నబియ్యమును ఉచితముగా నీయ నారంభించెను. జొన్నకు అట్టి ఆదరణ ఏదియు కలుగలేదు. గట్కయు అంబలియు ముసలివారి మాటలలోనే మిగిలెను. కడకు మధుమేహము వచ్చిన పిదప వైద్యుడు చీటీమీద వ్రాయగా జొన్నరొట్టె మరల ఇంటికి వచ్చుచున్నది. సాయంకాలము మన పట్టణములలో రోడ్డు ప్రక్కన పొయ్యి పెట్టుకొని రొట్టెలు తట్టి అమ్ము స్త్రీలయొద్ద కార్లు ఆగుచున్నవి. తండ్రి మందుగా తినునది కుమారుడు అవమానముగా తినుట వింతగా లేదా?

జహీరాబాదు ప్రాంతమువారు ఈ విషయమున మనకంటె ముందు నడచిరి. అది మొన్నటివరకు మన మెదకు జిల్లాలోనిదే. అచ్చట 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని స్త్రీలు, వారిలో అనేకులు దళిత కుటుంబములవారు, బీడు భూములలో జొన్నలు, సజ్జలు, కొర్రలు పండించి, విత్తనములను తామే దాచి, ఇచ్చిపుచ్చుకొనిరి. కఫే ఎత్నిక్ అను పేర చిరుధాన్యముల భోజనశాలయు తెరవబడెను. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారు ఈ సంస్థకు ఈక్వేటర్ బహుమతి నిచ్చిరి. యెమెనువారి మనుమలు చేసినది మన సీమలో బడి చదువులేని తల్లులు చేసి చూపిరి.

రొట్టెనుగూర్చి ఇంత వ్రాసి, ఆ దేశమున తరువాత జరిగినది వ్రాయకుండుట మాకు తగదు. 2023 అక్టోబరు 7వ తేదీన హమాసువారు ఇశ్రాయేలుమీద పడి సుమారు 1,200 మందిని చంపిరి. పిమ్మట గాజాలో జరిగిన యుద్ధమున పదులవేలమంది, వారిలో లెక్కకు మిక్కిలి పిల్లలు, మృతినొందిరి. 2025 మార్చి 31 నాటికి, ప్రపంచ ఆహార కార్యక్రమమువారి సాయముతో అచ్చట నడచుచుండిన 25 బేకరీలును పిండియు ఇంధనమును లేక మూతపడెను. ఆ యేడు ఆగస్టులో గాజా నగర ప్రాంతమున కరవు సంభవించినదని ఆహారస్థితిని అంతర్జాతీయముగా పరిశీలించు నిపుణులు నిర్ధారించిరి. అక్టోబరులో కాల్పుల విరమణ ఒప్పందము కుదిరెను. మేము ఫలహారము చేసిన అంగడికిని ఆ మూతపడిన బేకరీలకును నడుమ దూరము మన మెదకుకును హైదరాబాదుకును గల దూరముకంటె మిక్కిలి ఎక్కువ కాదు. ముట్టడిలోనున్న నగరపు తిండి యెట్టిదో యెహెజ్కేలు గ్రంథము నాలుగవ అధ్యాయము చెప్పుచున్నది: గోధుమలు, యవలు, చిక్కుడుజాతి గింజలు, మన తెలుగు అనువాదములో చోళ్లు, సజ్జలు, అన్నియు కలిపి తూకము వేసికొని తినవలసిన రొట్టె. పాఠము చెప్పునప్పుడు ఆ అధ్యాయమును దాటవేయు అలవాటు మన ఉపాధ్యాయులలో కలదు. ఇకమీదట దాటవేయరాదు. పిల్లలు ఎవరిది న్యాయమని అడుగుదురు. అడుగనిండు. ఇరుపక్షముల తల్లులనుగూర్చియు చెప్పి, రొట్టె లేకుండ చేయుట ఎవరు చేసినను పాపమని చెప్పుటకు మనకు జంకు ఏల?

మెదకువారికి ఈ మాట క్రొత్త కాదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మన పెద్దగుడిని పాస్నెట్ దొరగారు కట్టించిన దినములలో ఈ సీమ కరవుతో అలమటించుచుండెను; పని చేసినవారికి కూడు దొరకెను. ఆ గోపురమును చూడ దేశదేశములనుండి వత్తురు. ఆ రాళ్లు మోసినవారు ఇంటికి పోయి తిన్నది బన్నులు కావు.

కాబట్టి రాబోవు క్రిస్మసు అమ్మకపు దినమున బడి ఆవరణలో కేకుల బల్ల ప్రక్కనే మరియొక బల్ల వేయవలెనని మేము ప్రతిపాదించుచున్నాము. తట్టుట వచ్చిన తల్లులు నలుగురైదుగురు వచ్చి పిల్లల యెదుటనే జొన్నరొట్టెలు వేయవలెను. సర్వపిండియు చేర్చినచో ఇంకను మంచిది. వారు ఊరక పనిచేయుటకు వచ్చినవారు కారు, గనుక కేకులవారికి ఇచ్చినట్లే వీరికిని వెల ఈయవలెను. పదవ తరగతి బాలురు తామును తట్టి చూచెదమని ముందుకు వచ్చిరి. వారి రొట్టెలు ఏ దేశపటమువలె వచ్చునో చూడవలసియున్నది. పిండి ఆడించుటకు మిల్లువాడు ఒప్పుకొనెను. కట్టెల పొయ్యియా గ్యాసు పొయ్యియా అన్నది మాత్రము ఇంకను తేలలేదు. తల్లులందరు కట్టెలే అనుచున్నారు. ప్రధానోపాధ్యాయులవారు పొగకు ఒప్పుకొనుటలేదు.